ఉద్యోగుల ఆరోగ్యానికి కేటాయించిన డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలి?

ప్రశ్న: మా తయారీ సంస్థలో సుమారు 600 మంది పనిచేస్తున్నారు. మూడో వంతు మంది ఆఫీసులోనూ, మిగిలినవారు మూడు షిఫ్టులలో యంత్రాల దగ్గరా ఉంటారు. ఉద్యోగుల సంక్షేమం చూసే బాధ్యత నాది. ఏడాది కాలంలో మావాళ్లలో ఒకరికి గుండెపోటు, మరొకరికి పక్షవాతం వచ్చాయి. ఇద్దరూ యాభై దాటనివారే. దానితో యాజమాన్యం ఉద్యోగుల ఆరోగ్య కార్యక్రమానికి కొంత నిధి కేటాయించి, ప్రణాళిక నన్ను వేయమన్నది. ఒక ఏజెన్సీ వారు వచ్చి అరవై రకాల రక్తపరీక్షలు, ఫోన్ యాప్, అడుగుల పోటీ, నెలకొక యోగా తరగతి కలిపి ఒక ప్యాకేజీ చూపించారు. పెట్టిన ఖర్చుకు మూడింతలు వైద్య బిల్లులలో మిగులుతుందని వారి మాట. ఇంతకు ముందు ఒకసారి అడుగుల పోటీ పెడితే ఎప్పుడూ పరుగెత్తేవారే వచ్చారు. రాత్రి షిఫ్టు నుంచి ఒక్కరూ రాలేదు. పరీక్షల రిపోర్టులు మేనేజర్ల చేతికి పోతాయని చాలామందికి భయం. ఈ డబ్బు నిజంగా ఉపయోగపడాలంటే ఏం చేయాలి? అడుగుల పోటీ కొనసాగించాలా?

సమాధానం: ఆ ప్యాకేజీని ఉన్నదున్నట్టుగా కొనకండి. నిధిని వెనక్కి ఇచ్చేయవలసిన అవసరం మాత్రం లేదు. దానిలో పెద్ద భాగాన్ని రెండు పనులకు కేటాయించండి. బీపీ, షుగర్ ఉన్నాయని తేలినవారిని అవి అదుపులోకి వచ్చేదాకా వదలకుండా చూసుకోవడం మొదటిది. జబ్బుకు దోహదం చేస్తున్న పని పరిస్థితులను సరిచేయడం రెండవది. ఇలా ఎందుకు అంటున్నానో వివరంగా చెబుతాను, ఎందుకంటే రేపు యాజమాన్యం ముందు ఈ వాదన వినిపించవలసింది మీరే.

ముందుగా ఆ మూడింతల లెక్క సంగతి. అది ఏజెన్సీ వారు కల్పించినది కాదు. 2010లో అమెరికాకు చెందిన పరిశోధకులు కాథరిన్ బైకర్, డేవిడ్ కట్లర్, జీరుయ్ సాంగ్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి, ఇలాంటి కార్యక్రమాల మీద పెట్టిన ప్రతి డాలరుకూ వైద్య ఖర్చులో సుమారు 3.27 డాలర్లు, సెలవుల నష్టంలో సుమారు 2.73 డాలర్లు తగ్గుతున్నాయని రాశారు. ఆ అంకె ప్రపంచమంతా తిరిగి మీ టేబుల్ దాకా వచ్చింది. ఆ తరువాతి కథ మాత్రం ఏజెన్సీల స్లైడ్లలో కనిపించదు. అదే బైకర్, అదే సాంగ్ ఒక పెద్ద చిల్లర వర్తక సంస్థకు చెందిన 160 శాఖలలో ఇరవైని లాటరీ పద్ధతిన ఎంపిక చేసి, అక్కడ ఆరోగ్య కార్యక్రమం నడిపించి, దాదాపు 33,000 మంది ఉద్యోగులను ఏడాదిన్నర పాటు గమనించారు. 2019లో ఫలితాలు వచ్చాయి. కార్యక్రమం జరిగిన శాఖలలో ‘క్రమం తప్పకుండా వ్యాయామం చేస్తున్నాం’, ‘బరువు చూసుకుంటున్నాం’ అని చెప్పినవారు ఎక్కువగా ఉన్నారు. అయితే బీపీ, కొలెస్ట్రాల్, బరువు కొలతలలో గానీ, వైద్య ఖర్చులో గానీ, సెలవులలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఈ రెండు ఫలితాల మధ్య ఇంత దూరం ఎందుకు వచ్చిందో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో జరిగిన మరో ప్రయోగం విప్పి చెప్పింది. అక్కడ దాదాపు 5,000 మంది ఉద్యోగులను లాటరీతోనే విడదీసి, కొందరిని మాత్రమే కార్యక్రమంలోకి ఆహ్వానించారు. ఆహ్వానం అందినవారిలో ఎవరు చేరారో, ఎవరు చేరలేదో వారి పాత రికార్డులతో పోల్చి చూస్తే, చేరినవారు కార్యక్రమం మొదలు కాకముందే జిమ్‌కు ఎక్కువగా వెళ్తున్నవారు, వైద్య ఖర్చు తక్కువగా ఉన్నవారు అని తేలింది. చేరినవారిని చేరనివారితో నేరుగా పోల్చి ఉంటే కార్యక్రమం అద్భుతంగా పనిచేసిందనే అనిపించేది. లాటరీ ప్రకారం పోల్చినప్పుడు ఆ అద్భుతం మాయమైంది. మీ అడుగుల పోటీకి ఎప్పుడూ పరుగెత్తేవారే వచ్చారని రాశారు కదా, అక్కడా జరిగింది అదే. ఇందులో మీ ప్రచార లోపం ఏమీ లేదు. స్వచ్ఛందంగా చేరమనే ఏ కార్యక్రమానికైనా ముందుగా వచ్చేవారు దాని అవసరం తక్కువగా ఉన్నవారే.

అంటే పని చోటు నుంచి దీర్ఘకాలిక వ్యాధులను అడ్డుకోలేమా అన్న సందేహం రావచ్చు. అడ్డుకోగలం. దానికి జబ్బు నడిచే తీరు ఒకసారి చూడాలి. అధిక రక్తపోటు, మధుమేహం ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా ఉండగలవు. మనిషి పనికి వస్తాడు, పోతాడు, ఆరోగ్యంగానే ఉన్నానని నమ్ముతాడు; లోపల రక్తనాళాలు, మూత్రపిండాలు, కంటి వెనుక పొర దెబ్బతింటూ ఉంటాయి. మీ సంస్థలో పక్షవాతం వచ్చిన ఆ ఉద్యోగికి అంతకు ముందు బీపీ ఎంత ఉండేదో, తనకు బీపీ ఉన్న సంగతి ఆయనకు తెలుసో లేదో, తెలిసి ఉంటే మందు వేసుకుంటున్నారో లేదో ఆయన్నే అడగవచ్చు, ఆయనకు అభ్యంతరం లేకపోతేనే సుమా. ఇలాంటి కేసుల్లో చాలాసార్లు బయటపడేది రెండిటిలో ఒకటి: ఎవరూ ఎప్పుడూ కొలవలేదు, లేదా కొలిచి ‘డాక్టరును కలవండి’ అని ఒక కాగితం చేతిలో పెట్టి వదిలేశారు.

కాబట్టి పరీక్షలు అవసరమే, అరవై మాత్రం అక్కర్లేదు. ల్యాబ్ రిపోర్టులో కనిపించే ‘సాధారణ పరిధి’ని సాధారణంగా ఆరోగ్యవంతులలో 95 శాతం మంది అందులో ఉండేలా నిర్ణయిస్తారు. అంటే ఏ జబ్బూ లేని మనిషికి కూడా ప్రతి పరీక్షలోనూ వందకు ఐదు పాళ్లు ‘తేడా’ వచ్చే అవకాశం ఉంటుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే, పూర్తి ఆరోగ్యవంతుడికి కూడా కనీసం ఒకదానిలో ఎర్ర గీత పడే అవకాశం 64 శాతం. ఇక అరవై పరీక్షలు చేస్తే మీ 600 మందిలో గీత పడకుండా బయటపడేవారు చాలా కొద్దిమందే మిగులుతారు. ఆ గీతలు పట్టుకుని స్కానింగుల చుట్టూ తిరిగేవారితో నిధి, సమయం, మనశ్శాంతి మూడూ కరిగిపోతాయి. ఈ లోపల 170కి 105 బీపీ ఉన్న మనిషి కాగితం ఆ గుంపులో ఎక్కడో కిందికి జారిపోతుంది. మీ అవసరానికి బీపీ, బరువు, నడుము చుట్టుకొలత, పొగాకు అలవాటు, కుటుంబంలో గుండెజబ్బు లేదా షుగర్ ఉన్నాయా అన్న ప్రశ్న, వయసునూ ముప్పునూ బట్టి షుగర్ పరీక్ష, కొలెస్ట్రాల్ సరిపోతాయి. షుగర్‌కు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష సౌకర్యంగా ఉంటుంది, ఎందుకంటే దానికి పరగడుపున రావలసిన పని లేదు. షిఫ్టులలో పనిచేసేవారికి ఇది చిన్న సౌలభ్యం కాదు. అందులో 6.5 శాతం, అంతకన్నా పైన వస్తే మధుమేహంగా అనుమానించి మరోసారి నిర్ధారించుకుంటారు, 5.7 నుంచి 6.4 దాకా వస్తే మధుమేహం అంచున ఉన్నట్టు.

బీపీ కొలిచే తీరు గురించి కాస్త ఎక్కువ చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఆరోగ్య శిబిరాలలో అన్నిటికన్నా అధ్వానంగా జరిగే పని అదే. ఒక హాలు, పొడవాటి వరుస, వెనుక నుంచి తొందర, కుర్చీలో సగం కూర్చున్న మనిషి, చేయి గాలిలో, పక్కవాడితో మాటలు, చొక్కా చేయి మీదుగానే పట్టీ. ఇలా వచ్చిన అంకెతో ఎవరికి జబ్బు ఉందో చెప్పలేము. సరైన పద్ధతి ఇది: మనిషి అరగంట ముందు నుంచి పొగ తాగకుండా, టీ కాఫీలు తీసుకోకుండా ఉండాలి, మూత్రవిసర్జన చేసి రావాలి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి, చేయి గుండె ఎత్తులో ఏదో ఒకదాని మీద ఆని ఉండాలి, పట్టీ బట్ట మీద కాకుండా చర్మం మీద, చేతి లావుకు తగిన సైజుదై ఉండాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. ఒక నిమిషం ఎడంతో రెండుసార్లు కొలవాలి. 140కి 90 గానీ, దాటి గానీ వస్తే అదే రోజు ‘నీకు బీపీ ఉంది’ అని ముద్ర వేయకుండా, మరో రోజు మళ్లీ కొలవాలి. 180కి 110 దాటితే మాత్రం ఆగకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి పంపాలి. ఛాతీనొప్పి, ఆయాసం, చేయీ కాలూ చచ్చుబడటం, మాట తడబడటం వంటివి ఏవి ఉన్నా నేరుగా ఆసుపత్రికే. ఇంత ఓపికగా 600 మందికి ఒక్క రోజులో చేయలేరు, చేయనక్కర్లేదు. రోజుకు పాతిక మంది చొప్పున, ప్రతి షిఫ్టులోనూ, పని గంటలలోనే పిలిస్తే అయిదారు వారాలలో అందరూ అయిపోతారు. పని గంటలలోనే అన్న మాటను పట్టుబట్టి సాధించండి. రాత్రంతా పనిచేసినవారిని ఉదయం పది గంటలకు శిబిరానికి రమ్మంటే రారు, రాకపోవడమే న్యాయం.

ఇక అసలు పని మొదలయ్యేది శిబిరం ముగిసిన మర్నాటి నుంచి. చైనాలో 60 సంస్థలలో జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. కొన్ని సంస్థలలో ఉద్యోగులందరికీ ఆరోగ్య ప్రచారంతో పాటు, బీపీ ఉన్నవారికి క్రమం తప్పని కొలతలు, మందుల సర్దుబాటు, వెంటపడి చూసుకోవడం పని చోటనే ఏర్పాటు చేశారు. మిగిలినచోట్ల మామూలు పద్ధతి కొనసాగించారు. రెండేళ్లు గడిచేసరికి మొదటి రకం సంస్థలలో బీపీ ఉన్నవారిలో సుమారు 66 శాతం మందికి అది అదుపులో ఉంటే, రెండవ రకంలో 44 శాతం మందికే ఉంది. ఇందాకటి అమెరికా ప్రయోగాలకూ దీనికీ తేడా ఎక్కడుందో గమనించండి. అక్కడ అందరికీ కాస్త కాస్త సలహా అందింది. ఇక్కడ జబ్బు ఉన్న మనిషిని గుర్తించి, చికిత్స అందించి, అది పనిచేస్తున్నదో లేదో మళ్లీ మళ్లీ చూశారు.

మీ దగ్గర ఇది ఎలా ఉంటుందో ఊహించి చెబుతాను. రెండో షిఫ్టులో పనిచేసే ఒక ఆపరేటరుకు రెండు వేర్వేరు రోజులలో 160కి 100 వచ్చిందనుకోండి. నర్సు ఆయన పేరు ఒక రిజిస్టరులో ఎక్కిస్తారు. సంస్థకు వారానికి ఒక పూట వచ్చే డాక్టరు ఆయనను చూసి మందు రాస్తారు, లేదా ఆయన సొంత డాక్టరు దగ్గరికి వెళ్లడానికి జీతం కోత లేకుండా ఒక పూట వెసులుబాటు ఇస్తారు. నాలుగు వారాలకు నర్సు మళ్లీ పిలుస్తారు. తగ్గకపోతే మోతాదు మారుస్తారు. ఆయన రాకపోతే, అందరి ముందూ కాకుండా, ఆయనకే ఫోన్ చేసి ఎందుకు రాలేదో కనుక్కుంటారు. మందు ఆపేశారని తెలిస్తే తిట్టకుండా కారణం అడుగుతారు. తల తిరుగుతున్నదనో, ఖర్చు అవుతున్నదనో, ‘అలవాటైపోతుంది’ అని ఎవరో భయపెట్టారనో బయటపడుతుంది. వాటిలో ప్రతిదానికీ పరిష్కారం ఉంది. ఈ పనికి యాప్ అక్కర్లేదు. ఓపిక, మర్యాద ఉన్న ఒక నర్సు కావాలి. నిధిలో పెద్ద భాగం ఆ నర్సు జీతానికీ, డాక్టరు పూటలకూ పోతే నేను సంతోషిస్తాను.

మధుమేహం అంచున ఉన్నవారికి దారి కొంచెం వేరు. అమెరికాలో 3,234 మందితో జరిగి 2002లో వెలువడిన మధుమేహ నివారణ ప్రయోగంలో, శరీర బరువులో 7 శాతం తగ్గించుకోవడం, వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం లక్ష్యాలుగా పెట్టుకున్నవారిలో మధుమేహం కొత్తగా రావడం 58 శాతం తగ్గింది; షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినవారిలో 31 శాతం తగ్గింది. జీవనశైలి మార్పు మాత్ర కన్నా బాగా పనిచేసిందని ఈ అంకెలను అందరూ ఉదహరిస్తారు. అయితే ఆ జీవనశైలి మార్పు ఒక పోస్టరుతోనో, ఒక ఉపన్యాసంతోనో వచ్చింది కాదు. ఒక్కొక్కరికీ ఒక శిక్షకుడిని కేటాయించి, మొదటి ఆరు నెలలలో పదహారు పాఠాలు చెప్పి, ఆ తరువాత కూడా వెంట ఉన్నారు. మీ దగ్గర అంచున ఉన్నవారు ఏ 60 మందో తేలితే, వారిని పది పన్నెండు మంది చొప్పున బృందాలు చేసి, శిక్షణ పొందిన వ్యక్తితో ఆరు నెలలు వారం వారం కూర్చోబెట్టడం అరవై రకాల పరీక్షల కన్నా విలువైన ఖర్చు.

ఇప్పుడు రెండవ పనికి వస్తాను. యాజమాన్యాలకు ఇది వినడం కష్టంగా ఉంటుంది, అందుకే చాలా ప్రణాళికలలో ఈ పేజీ ఉండదు. ఉద్యోగి తిండి, నడక, నిద్ర అతని సొంత వ్యవహారాలన్నట్టు కార్యక్రమాలు రాస్తారు. కానీ పని రోజులలో మేలుకుని ఉండే గంటలలో సుమారు సగం ఎలా గడవాలో నిర్ణయించేది సంస్థే. 1953లో బ్రిటిష్ వైద్య పరిశోధకుడు జెర్రీ మోరిస్ లండన్ బస్సు సిబ్బందిని పరిశీలించి, రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కన్నా రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని చూపించారు. వాళ్లెవరూ వ్యాయామం చేయాలని నిర్ణయించుకోలేదు, ఉద్యోగమే చేయించింది. (డ్రైవర్ల యూనిఫాం ప్యాంట్ల నడుము కొలత కండక్టర్ల కన్నా పెద్దదని మోరిస్ బృందమే 1956లో బయటపెట్టింది. లావుగా ఉన్నవారే డ్రైవర్లుగా చేరుతున్నారా అన్న ప్రశ్న అప్పటికే మొదలైందన్నమాట.) అదే లండన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో ప్రభుత్వోద్యోగులలో అట్టడుగు హోదావారు గుండెజబ్బుతో మరణించే రేటు పై హోదావారి కన్నా మూడింతలకు పైగా ఉంది. పొగతాగడం, బీపీ, కొలెస్ట్రాల్ వంటి కారణాలు ఆ తేడాలో కొంత భాగాన్నే వివరించగలిగాయి. తన పని మీద తనకు పట్టు లేకపోవడం కూడా గుండెను దెబ్బతీస్తుందన్న ఆలోచనకు ఆ తరువాతి పరిశోధన బలం చేకూర్చింది.

పని గంటల విషయంలో మరింత స్పష్టత ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించిన అంచనా ప్రకారం, వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. గుండెపోటు, పక్షవాతం వచ్చిన మీ ఇద్దరు ఉద్యోగుల గత ఏడాది హాజరు పట్టీలు తీసి ఓవర్‌టైమ్ గంటలు లెక్కపెట్టండి. ఇద్దరి లెక్కతో ఏదీ రుజువు కాదు. అయినా మొత్తం సంస్థలో వారానికి 55 గంటలు దాటుతున్నవారు ఎంతమందో మీకు తెలియాలి, ఆ అంకె యాజమాన్యం ముందుకు ప్రతి నెలా వెళ్లాలి. రాత్రి షిఫ్టును మీరు ఎత్తివేయలేరు. దాని నష్టాన్ని మాత్రం తగ్గించవచ్చు: షిఫ్టులు ఉదయం నుంచి సాయంత్రానికి, సాయంత్రం నుంచి రాత్రికి, అంటే గడియారం ముందుకు నడిచే దిశలోనే మారాలి, వరుసగా మూడు రాత్రులకు మించకుండా చూడాలి, రెండు షిఫ్టుల మధ్య కనీసం 11 గంటల విరామం ఉండాలి, డ్యూటీ చార్టు కొన్ని వారాల ముందే చేతికి అందాలి. ఇవన్నీ డబ్బు కన్నా ప్రొడక్షన్ మేనేజరు సహకారం ఎక్కువగా కోరే పనులు. ఆయనను మొదటి సమావేశానికే పిలవండి. చివర్లో పిలిస్తే అడ్డుపుల్ల వేస్తారు.

పొగాకు దగ్గర సంస్థ చేయగలిగినది చాలా ఉంది, ఫలితమూ బాగా రుజువైనది. ఆవరణ మొత్తం పొగరహితం చేయండి. మేనేజర్ల గదులకు మినహాయింపు వద్దు. అలాంటి పని చోట్లలో పొగతాగేవారి సంఖ్యా తగ్గుతుంది, తాగేవారు రోజుకు కాల్చే సిగరెట్లూ తగ్గుతాయి. మానేసినవారికి నగదు బహుమతి ఇవ్వడం చూడడానికి లంచంలా అనిపించవచ్చు. కానీ ఒక పెద్ద బహుళజాతి సంస్థ ఉద్యోగులతో జరిపి 2009లో ప్రచురించిన ప్రయోగంలో, మొత్తం 750 డాలర్ల దాకా బహుమతి ప్రకటించిన బృందంలో ఏడాది తరువాత మానేసినవారు 14.7 శాతం, బహుమతి లేని బృందంలో 5 శాతం. మానేశామన్న మాటను పరీక్షతో నిర్ధారించే ఈ లెక్క వేశారు. అడుగుల పోటీ బహుమతుల కోసం ఉంచిన మొత్తాన్ని ఇటు మళ్లించడం మంచిది. నమిలే పొగాకును మరిచిపోకండి. యంత్రాల దగ్గర నిప్పు నిషేధం ఉన్నచోట అదే ఎక్కువగా ఉంటుంది.

క్యాంటీన్ గురించి క్లుప్తంగా. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. వంటలో ఉప్పును ఒకేసారి తగ్గిస్తే గొడవ అవుతుంది. నెలకు కొంచెం చొప్పున తగ్గిస్తే నాలుకకు తెలియదు. టేబుళ్ల మీద ఉప్పు డబ్బాలు తీసేయండి, తీపి పానీయాల స్థానంలో చల్లటి మంచినీరు అందుబాటులో పెట్టండి, కూరగాయల వంటకాన్ని వరుసలో మొదట, తక్కువ ధరకు ఉంచండి. రాత్రి షిఫ్టుకు పగటి మిగులు వేడిచేసి పెట్టే అలవాటు ఉంటే దాన్ని వెంటనే మార్చండి.

రిపోర్టులు మేనేజర్ల చేతికి పోతాయన్న భయం గురించి మీరు ఒక్క వాక్యం రాశారు, కానీ కార్యక్రమం నిలిచేదీ కూలేదీ దాని మీదే. ఆ భయం అనవసరమైనదని వారికి నచ్చజెప్పే ప్రయత్నం చేయకండి. తన జబ్బు సంగతి పైవాళ్లకు తెలిస్తే ప్రమోషన్ ఆగిపోతుందేమో, కాంట్రాక్టు పొడిగించరేమో అని ఉద్యోగి అనుకోవడం పూర్తిగా సహేతుకం. భయానికి ఆస్కారమే లేకుండా ఏర్పాటు చేయండి. నర్సు, డాక్టరు మీ విభాగానికి గానీ, ఏ మేనేజరుకు గానీ వ్యక్తుల వివరాలు చెప్పరాదని ఒప్పందంలో రాయించండి. మీకు కూడా చెప్పరాదు. మీకు అందేవి మొత్తం అంకెలు మాత్రమే. అయిదారుగురే ఉన్న విభాగం అంకెలు విడిగా ఇస్తే ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది కనుక అలాంటి చిన్న బృందాలను కలిపి చూపించాలి. పరీక్ష గది మేనేజర్ల గదులకు దూరంగా ఉండాలి, లోపల కూర్చున్నది ఎవరో బయటికి కనిపించరాదు. పరీక్ష ఫలితాన్ని జీతంతో, ప్రమోషన్‌తో, బీమా వాటాతో ముడిపెట్టరాదు. క్రేన్ నడపడం వంటి పనులకు చట్టప్రకారం అవసరమైన ఫిట్‌నెస్ పరీక్ష వేరు. దాన్నీ దీన్నీ ఒకే రోజు, ఒకే గదిలో, ఒకే కాగితం మీద జరపకండి. బరువు తగ్గించే పోటీలు, గోడ మీద పేర్లు, ‘ఈ నెల ఆరోగ్యవంతుడు’ బిరుదులు వద్దే వద్దు. లావుగా ఉన్న మనిషిని పదిమందిలో తూకం యంత్రం ఎక్కిస్తే ఆయన బరువు తగ్గదు, ఆ గది గడప మళ్లీ తొక్కరు.

మీరు అడగని విషయం ఒకటి ఉంది. 600 అన్న లెక్కలో ఊడ్చేవారు, సెక్యూరిటీవారు, సరుకు ఎత్తి దించేవారు, క్యాంటీన్ పనివారు ఉన్నారా? కాంట్రాక్టు మీద ఉన్నారు కనుక మా ఉద్యోగులు కారు అని చాలా సంస్థలు వారిని లెక్కలోకి తీసుకోవు. జీతం తక్కువ, పని గంటలు ఎక్కువ, తన పని మీద తనకు పట్టు దాదాపు లేని ఈ మనుషులకే జబ్బు ముప్పు ఎక్కువ, డాక్టరు దగ్గరికి వెళ్లే వీలు తక్కువ. నిధి చాలకపోతే ఆఫీసులోని మూడో వంతు మందికి కాస్త తగ్గించి అయినా వీరిని కలపమని నా సలహా.

యాజమాన్యానికి ఏం చెప్పాలన్నది మిగిలింది. మూడింతలు మిగులుతుందని మీరు మాట ఇవ్వకండి. ఏడాది తరువాత ఆ లెక్క తేలక, ఉన్న నిధి కూడా పోతుంది. గుండెపోట్లు తగ్గాయని చూపిస్తామని కూడా అనకండి, 600 మందిలో ఏడాదికి ఒకటో రెండో జరిగే సంఘటనలలో తేడా కాకతాళీయమో కాదో చెప్పలేము. చూపించగలిగిన అంకెలు వేరే ఉన్నాయి. మొదట్లో బీపీ ఎక్కువగా ఉన్నవారిలో పన్నెండు నెలల తరువాత ఎంతమందికి అది 140కి 90 లోపు ఉంది? మధుమేహం ఉందని కొత్తగా తేలినవారిలో ఎంతమంది చికిత్సలో కొనసాగుతున్నారు? పొగాకు మానేసినవారు ఎందరు? వారానికి 55 గంటలు దాటినవారు ఎంత తగ్గారు? ప్రతి అంకెనూ షిఫ్టుల వారీగా విడదీసి చూడండి. పగటి షిఫ్టులో అదుపు పెరిగి, రాత్రి షిఫ్టులో పెరగకపోతే కార్యక్రమం మళ్లీ అవసరం తక్కువ ఉన్నవారినే చేరుకుంటున్నదని అర్థం. ఎంతమంది హాజరయ్యారు, ఎన్ని టీషర్టులు పంచాం అన్నవి నివేదికలో రాయకపోయినా నష్టం లేదు.

అడుగుల పోటీని ఇష్టపడేవారు ఉంటే జరుపుకోనివ్వండి, అది సరదాగా ఉంటుంది, మనుషులను కలుపుతుంది. దాని ఖర్చు మాత్రం క్రీడా వినోదాల పద్దులో రాయించండి.